పల్లవియందు క్రీస్తు

క్రీ. శ. 112 ప్రాంతమున బితూనియ మండలమును పాలించుచుండిన ప్లినీ యను రోమను అధికారి, తన చక్రవర్తియైన ట్రాజానునకు వ్రాసిన లేఖలో, క్రైస్తవులు నియతదినమున తెల్లవారక మునుపే కూడుకొని, క్రీస్తును దైవముగా నెంచి కీర్తన పాడుచుందురని విన్నవించెను. అతఁడు వారిని విచారించి దండించినవాఁడే కాని వారి పక్షమువాఁడు గాఁడు; కనుకనే ఆ సాక్ష్యమునకు విలువ హెచ్చు. అంతకు మునుపే వ్రాయఁబడిన కొలస్సయుల పత్రిక ప్రథమాధ్యాయమున, 15 మొదలు 20 వచనముల వఱకు, సృష్టికి మూలమును, సంఘమునకు శిరస్సును, మృతులలోనుండి లేచినవారిలో ప్రథముఁడును క్రీస్తే యనియు, సమస్తమును ఆయనయందే నిలిచియున్నదనియు చెప్పు భాగము సైతము తొలినాఁటి సంఘము పాడుకొనిన గీతమే యని పలువురు పండితుల యభిప్రాయము. క్రీస్తు సర్వాధిక్యము సిద్ధాంతగ్రంథముల కెక్కుటకు ముందు గళముల కెక్కినది.

మన దేశమున ఆ సత్యమును జనుల గళముల కెక్కించిన ఘనత కీర్తనది. తంజావూరున వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళమున సాధించిన కార్యమును, తెలుఁగున పురుషోత్తమ చౌదరి సాధించెను. 1803లో జన్మించి, తెలుఁగు భక్తివాఙ్మయమునందు ఆరితేఱి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో పరమపదించిన ఆ బ్రాహ్మణకవి రచించిన కీర్తనలు నేఁటికిని ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను పుస్తకమున సంఘభేదము లేక లూథరనులు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు పాడుకొనుచున్నారు.

ఈ కీర్తనల శిల్పమును కొంచెము నిదానించి చూడవలెను. పాట నెత్తిన రాగతాళముల పేర్లుండును. పిమ్మట పల్లవి, కొన్నిఁటియందు అనుపల్లవి, ఆపై చరణములు. ద్వితీయాక్షర ప్రాసయు, యతియు చెవికి ఆధారమై, చదువురాని వానికిని మఱునాఁటికి పాటను జ్ఞాపకముంచును. అయితే ఈ శిల్పమున ప్రధానమైన రహస్యము వ్యాకరణమునం దున్నది. పల్లవిలో ‘కొలువుఁడీ’ యను క్రియ యున్న దనుకొందము. చరణము ‘కుష్ఠరోగిని ముట్టినవానిని, సుంకరి యింట భుజించినవానిని, శిష్యుల పాదములు కడిగినవానిని’ అని సాగిపోవును. ద్వితీయా విభక్తితో వరుసగా నిలిచిన ఈ పదములకు క్రియ చరణములో లేదు. గాయకుఁడు అక్కడనే యాగినచో వాక్యము అర్ధాంతరముగా తెగిపోవును. పల్లవి నెత్తుకొనినఁగాని అర్థము కుదురదు. మఱియొక చరణము ‘అలసి, దారితప్పి, అయినవారిచేత విడువఁబడి’ యని అసమాపక క్రియలతో నడచినను, దానికిని సమాప్తి పల్లవియందే. తాళము గూడ ఈ కట్టడికి లోఁబడినదే: చరణాంతమున మిగిలిన అక్షరకాలము పల్లవి యెత్తుగడకు చోటిచ్చి, పాడువాని నోటిని దానంతట నదే అచ్చటికి మరల్చును.

క్రైస్తవజీవితమున క్రీస్తును కేంద్రముగా నుంచుట యనఁగా ప్రతి మాటకును ఆయన నామమును తగిలించుట యని తలఁచు భక్తులు కొందఱు గలరు. కీర్తనశిల్పము అంతకంటె లోఁతైన త్రోవ చూపుచున్నది. చరణములో క్రీస్తు నామము ఒక్కపరియైన రాకపోవచ్చును. అందు మనుష్యుని దుఃఖము, దారిద్ర్యము, పశ్చాత్తాపము మాత్రమే యుండవచ్చును. అయినను ఆ మాటల పొందికయే ఆయన లేనిదే అవి పూర్ణము కావని చాటుచుండును. ఉద్యోగము, సంసారము, వ్యాధి, ధనార్జన యనునవి క్రైస్తవునకు నిషిద్ధములు గావు, తుచ్ఛములును గావు. తమకు తామే సంపూర్ణవాక్యములు కాఁజాలనివి, అంతే. సమస్తమును క్రీస్తునందు నిలిచియున్నదని పౌలు పత్రిక బోధించుటలోని ఆంతర్యమును ఇంత సూటిగా అనుభవమునకు తెచ్చు బోధ వేఱొకటి నాకు కానరాదు.

కీర్తనరూపము హైందవభక్తులనుండి వచ్చినది గదా యని శంకించువారికి దీర్ఘమైన సమాధాన మక్కఱలేదు. గ్రీకులు గ్రీకు పదములతోనే, సిరియనులు సిరియా ఛందస్సులతోనే ఆయనను స్తుతించిరి. 1912లో దోర్నకలునకు బిషప్పైన అజరయ్య దేశీయ సంగీతముతోడి ఆరాధనను ప్రోత్సహించుటలోని దూరదృష్టి కొనియాడఁదగినది. పల్లెలలో అక్షరము రాని స్త్రీలు, ముందు పాడువాఁ డొక పాదము అందింపఁగా చేతాళముతో దానిని తిరిగి పాడుచు, క్రీస్తు జననము, శ్రమ, మరణము, పునరుత్థానము, పునరాగమనము అను క్రమమంతయు కంఠస్థము చేసికొనిరి. ప్రసంగము విని యింటికిఁ బోయినవారు మఱచిపోయినను, నాట్లు వేయుచు పాడుకొనిన పల్లవిని మఱవలేదు.

ఇప్పుడు వచ్చుచున్న పాటలలో మధురమైనవి లేకపోలేదు. కాని పెక్కింటియందు పల్లవి స్థానమున ‘నేను’ కూర్చున్నది: నాకు కలిగిన మేలు, నాకు దొరకిన ఆశీర్వాదము; క్రీస్తు చరణములోని కొక ఉపకర్తగా దిగిపోయెను. ఇది రుచిభేదము మాత్రమే యని సరిపెట్టుకొనుటకు నా మనస్సంగీకరింపదు. బిడ్డలు వేదపాఠమునకంటె ముందు పాటను నేర్తురు. నేర్చిన పాటలో ఎవరు మధ్యనుందురో, పెరిగినపిమ్మట వారి ప్రార్థనలోను వారే మధ్యనుందురు.

ఇంకొక వాడుకయు మానవలసియున్నది. వేళ చాలదని రెండు చరణములు పాడి కీర్తనను ముగించుట అనేక ఆలయములలో మామూలైపోయినది. సిలువతో మొదలై పునరుత్థానముతో ముగియు కీర్తనను ఇట్లు కోసినచో సంఘము సమాధియొద్దనే నిలిచిపోవును. ప్రకటనలను రెండు నిమిషములు తగ్గించి, కవి కూర్చిన చరణము లన్నియు, ప్రతి చరణమునకును పల్లవిని తిరిగి యెత్తుకొనుచు, పాడింపవలెను.