అక్షరం ఎక్కడ ముగుస్తుంది? - సంస్థాన పద్యపాఠాల గణన, స్వేచ్ఛా కంపైలర్లు

వ్యాససంగ్రహం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పద్యసాహిత్యాన్ని కంప్యూటర్ సాయంతో పరిశీలించేటప్పుడు అక్షరవిభజన ఏ ప్రమాణం మీద జరుగుతోందన్నది ఛందోవిమర్శకు సంబంధించిన ప్రశ్న. పైథాన్ భాషకు తోడుగా సి, సి++ భాషలలో రాసే ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్లలో ఆ ప్రమాణం కంటికి కనబడకుండా ఉంటుంది. దానిని మార్చుకొని స్వేచ్ఛా కంపైలర్లతో తిరిగి నిర్మించుకోగలగడం తెలుగు పరిశోధనకు ఎందుకు అవసరమో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: సంస్థాన సాహిత్యం, ఛందస్సు, అక్షరవిభజన, యూనికోడ్, పైథాన్, కంపైలర్.

ప్రవేశిక

1934లో వెలువడిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులున్నారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన సమాధానమది. గద్వాల ప్రాంతంలో పుట్టి, 1952 ఎన్నికలలో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లిన ప్రతాపరెడ్డి ఆవేశంతో కూడిన ఖండనవ్యాసాలతో సరిపెట్టుకోలేదు. పుట తిప్పి ఎవరైనా సరిచూసుకోగల లెక్కను ముందుంచారు.

నేటి పరిశోధనలో లెక్కలకు కొదవ లేదు. పద్యాల సంఖ్య, గణాల పౌనఃపున్యం, పదాల ఆవృత్తి వంటివి కంప్యూటర్ క్షణాలలో చెబుతుంది. అయితే వాటిని పుట తిప్పి సరిచూసుకునే వీలు చాలా సందర్భాలలో ఉండదు. ఫలితం వ్యాసంలో ఉంటుంది, లెక్కించిన పద్ధతి మాత్రం ఎవరో నిర్మించి ఇచ్చిన మాడ్యూల్‌లో ఉండిపోతుంది.

ఒక పదం, నాలుగు లెక్కలు

గద్వాల సంస్థానానికి అక్కడి పండితుల వల్ల 'విద్వద్గద్వాల' అన్న ప్రసిద్ధి వచ్చింది. ఆ పదాన్నే పరీక్షకు తీసుకోవచ్చు. ఛందస్సు చదివిన విద్యార్థికి ఇందులో వి, ద్వ, ద్గ, ద్వా, ల అని ఐదక్షరాలు. మొదటి నాలుగూ గురువులు, చివరిది లఘువు. పైథాన్‌ను పొడవు అడిగితే 13 అంటుంది. పొల్లును, గుణింతపు గుర్తులను అది విడివిడి కోడ్‌పాయింట్లుగా లెక్కిస్తుంది. అదే పదం యూటీఎఫ్-8 రూపంలో సి భాషలోకి వెళితే 39 బైట్లు.

పైథాన్‌తో పాటు వచ్చే 're' మాడ్యూల్ ఇంకొక అడుగు ముందుకు వేసి పదాన్నే ముక్కలు చేస్తుంది. అక్షరం కాని ప్రతి గుర్తు దగ్గరా పదం ముగిసిందని దాని భావన. గుణింతపు గుర్తులు, పొల్లు దాని దృష్టిలో అక్షరాలు కావు. కనుక 'విద్వద్గద్వాల' వ, ద, వద, గద, వ, ల అని ఆరు ముక్కలవుతుంది. ఈ పద్ధతిలో తీసిన పదసూచికతో ఒక కావ్యం భాషను గురించి నిర్ణయాలు చేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కు తీర్చడానికి పరిశోధకులు సాధారణంగా 'రెజెక్స్', 'పైఐసీయూ' వంటి బయటి మాడ్యూళ్లను ఆశ్రయిస్తారు. మొదటిది సి భాషలో, రెండవది సి++లో రాసినవి. వాటిని కంపైలర్ యంత్రభాషలోకి మారుస్తుంది, పైథాన్ వాటిని తన సొంత భాగాల్లా పిలుచుకుంటుంది. అక్షరగుచ్ఛాలను గుర్తించడం వాటికి తెలుసు. కానీ ఆ గుర్తింపు యూనికోడ్ నియమాల మీద ఆధారపడి ఉంది, ఆ నియమాలూ మారుతూ వచ్చాయి. 2023 నాటి యూనికోడ్ 15.1కు ముందున్న సాధారణ నియమం ప్రకారం పొల్లు దగ్గర గుచ్ఛం తెగిపోతుంది. వి, ద్, వ, ద్, గ, ద్, వా, ల అని ఎనిమిది వస్తాయి. 15.1లో సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు చేరింది. అప్పుడు ఐదు వస్తాయి.

పాత నియమంతో ప్రాసను పరిశీలిస్తే రెండవ అక్షరం 'ద్వ' కాక 'ద్' అవుతుంది. ఏ దకారం వచ్చినా ప్రాస కుదిరిందని యంత్రం చెబుతుంది. కంప్యూటర్ చెప్పిన ఛందోదోషాలను కవికి అంటగట్టే ముందు మాడ్యూల్ ఏ సంవత్సరపు నియమంతో నిర్మితమైందో అడగవలసి ఉంటుంది.

ద్రుతం దగ్గర

కొత్త నియమంతో సమస్య తీరిందనుకోవడం సాంకేతికుల తొందరపాటు. 'వచ్చెన్' అన్న క్రియారూపం పద్యసాహిత్యంలో అడుగడుగునా కనిపిస్తుంది. కొత్త నియమం దీనిని వ, చ్చె, న్ అని మూడుగా విడదీస్తుంది. ఛందస్సుకు ఇవి రెండే అక్షరాలు, రెండూ గురువులే. ద్రుతనకారపు పొల్లు తనంత తానుగా నిలవదు, ముందున్న అక్షరాన్ని గురువు చేసి అందులో కలిసిపోతుంది. యూనికోడ్ గుచ్ఛం తెరమీద కర్సరు ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఉద్దేశించినది. దానికీ ఛందశ్శాస్త్రపు అక్షరానికీ పోలిక ఉంది, అభేదం లేదు.

కాబట్టి గద్వాల కవి కాణాదం పెద్దన 'ముకుందవిలాసా'న్ని గాని, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని వర్ధమానపురంతో ముడిపడిన గోన బుద్ధారెడ్డి ద్విపద రామాయణాన్ని గాని యంత్రంతో గణవిభజన చేయదలచినవారు మాడ్యూల్‌లోని నియమానికి మరొక నియమాన్ని చేర్చవలసిందే. ఆ నియమం తెలిసినవారు తెలుగు పండితులు. మార్చవలసిన చోటు సి భాషలో ఉంది. మార్చిన తరువాత మళ్లీ కంపైల్ చేయాలి. సాహిత్యవిమర్శ కంపైలర్ ముందుకు వచ్చి నిలబడేది ఇక్కడే.

ఉచితం, స్వేచ్ఛ

కంపైలర్ల విషయంలో ఈ రెండు మాటలను కలగాపులగం చేయకూడదు. తెలుగులో అవి వేరువేరు మాటలుగా ఉండడం అదృష్టం. విండోస్ కోసం వచ్చే అధికారిక పైథాన్‌ను మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సి++తో నిర్మిస్తారు. పైథాన్ 2.4, 2.5 రూపాలు ఆ కంపైలర్ 2003 నాటి రూపంతో నిర్మితమయ్యాయి. 2004లో మైక్రోసాఫ్ట్ 'విజువల్ సి++ టూల్‌కిట్ 2003'ను ఉచితంగా ఇచ్చింది. కొనే స్తోమత లేనివారు దానితో ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్లను నిర్మించుకున్నారు. తరువాతి ఎక్స్‌ప్రెస్ రూపం వచ్చాక సంస్థ పాతదానిని ఉపసంహరించుకుంది. కొత్త కంపైలర్ వేరే రన్‌టైమ్ లైబ్రరీతో ముడిపడినందున పాత పైథాన్‌కు సరిగా నప్పలేదు. ఒక రన్‌టైమ్ కేటాయించిన స్మృతిని మరొకటి విడుదల చేయబోతే ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఉచితంగా దొరికినది ఇచ్చినవారి ఇష్టం ఉన్నన్నాళ్లే ఉంటుంది.

1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీ అలాంటిది కాదు. దానికి మూలం ఉంది, దానిని మార్చి పంచుకునే హక్కు కూడా ఉంది. గ్నూ/లినక్స్ యంత్రంలో జీసీసీ, పైథాన్ హెడర్ ఫైళ్లు ఉంటే 'రెజెక్స్' వంటి మాడ్యూల్‌ను మూలం నుంచి నిర్మించడం ఒక్క ఆదేశంతో అయ్యే పని. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ అదే జీసీసీని అందిస్తుంది గాని దారి అంత సాఫీ కాదు. పైథాన్ 3.5 నుంచి యూనివర్సల్ సి రన్‌టైమ్ రావడంతో సి మాడ్యూళ్లకు పాత ఇబ్బంది చాలావరకు తగ్గింది. సి++ సంగతి వేరు. జీసీసీ, విజువల్ సి++ పేర్లను సంకేతించే తీరు, తరగతులను స్మృతిలో అమర్చే తీరు భిన్నమైనవి. ఒకదానితో కట్టిన ఐసీయూ లైబ్రరీకి మరొకదానితో కట్టిన 'పైఐసీయూ' అతకదు. రెండింటినీ ఒకే కంపైలర్‌తో కట్టుకోవలసి వస్తుంది. ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో ఒకే పాత కంప్యూటర్ మీద పనిచేసే పరిశోధకునికి ఇది చిన్న అడ్డంకి కాదు.

ముందే కట్టి ఉంచిన ప్యాకేజీలు దొరుకుతున్నప్పుడు ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకునేవారికి నిజంగానే అక్కరలేదు. అయితే కట్టి ఇచ్చిన ప్యాకేజీకి ద్రుతం తెలియదు.

ఇక్కడ మరొక అతిని కూడా ఖండించాలి. ఒక్క ప్రబంధానికి గణవిభజన చేయడానికి సి భాష అవసరం లేదు. కొన్ని వేల పద్యాలను శుద్ధ పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్ సునాయాసంగా పరిశీలిస్తుంది. దానిని చదవడం సులభం, తప్పు దిద్దడం ఇంకా సులభం. ముద్రితప్రతుల చిత్రాల నుంచి పాఠాన్ని రాబట్టేటప్పుడు, వందల గ్రంథాలను ఒక్కసారిగా వెతికేటప్పుడు యంత్రభాషా వేగం కావాలి. ఆ పెద్ద పనులలో కూడా మొదట శుద్ధ పైథాన్‌లో నియమం రాసుకొని, సి మాడ్యూల్ ఫలితాన్ని దానితో పోల్చి చూడడం మేలు. రెండూ విభేదించిన పద్యాలే పండితుని దృష్టికి యోగ్యమైనవి. పాఠదోషమైనా, నియమలోపమైనా అక్కడే బయటపడుతుంది. తాళపత్రపాఠాలను పరిష్కరించిన మానవల్లి రామకృష్ణకవి వంటివారు ప్రత్యంతరాలతో చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే.

ఈ పద్ధతికీ లొంగని కావ్యం జటప్రోలు సంస్థానంలోనే ఉంది. ఎలకూచి బాలసరస్వతి 'రాఘవయాదవపాండవీయం' ఒకే పద్యంలో మూడు కథలు నడుపుతుంది. దానిలో అక్షరవిభజన మూడు కథలకూ ఒక్కటే. పదవిభజన మాత్రం కథను బట్టి మారుతుంది. ఇప్పుడున్న మాడ్యూళ్లు ఒక వాక్యానికి ఒకే పదవిభజనను తిరిగి ఇస్తాయి. ఈ కావ్యానికి మూడింటినీ పక్కపక్కన ఉంచి ఇచ్చే మాడ్యూల్ కావాలి. దానిని ఎవరైనా కొత్తగా రాయవలసిందే.