చెవితో తవ్వే గని

సింగరేణి బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖణేలుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే మోత డొల్లగా వస్తుంది. టోపీ దీపం ఎంత వెలుగిచ్చినా ఈ తేడా కంటికి అందదు. భూమి కింద మనిషికి మొదటి కాపలా చెవే.

అంతరిక్షంలో గనులు తవ్వే కథలను తెరమీద చూడటం కన్నా చెవితో వినడమే న్యాయమని నేననేది అందుకే. సినిమావాడు గనిని చూపించాలంటే అందులో దీపాలు పెట్టాలి. దీపాలు పెట్టాక అది గనిలా ఉండదు, సెట్టింగులా ఉంటుంది. శ్రవణ నాటకానికి ఆ బెడద లేదు. చీకటి దానికి ఉచితంగా దొరికే సరుకు.

ఈ కోవలో నేను పదేపదే విన్నది ‘ఏలియన్: అవుట్ ఆఫ్ ది షాడోస్’. టిమ్ లెబ్బన్ నవల ఆధారంగా డర్క్ మ్యాగ్స్ రూపొందించగా ఆడిబుల్ 2016లో విడుదల చేసింది. నిడివి నాలుగున్నర గంటలకు కాస్త అటూఇటూ. మేరియన్ అనే నౌక ఒక పాడు గ్రహం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కింద గనిలో ట్రైమోనైట్ అనే అతి గట్టి పదార్థాన్ని తవ్వుతుంటారు. తవ్వకూడనిది తవ్వారు. గని నుంచి పైకి వచ్చిన చిన్న నౌకలో కూలీలతోపాటు ఇంకేదో వచ్చింది. ‘ఏలియన్’ వరుసలో మొదటి సినిమాకూ రెండో సినిమాకూ మధ్య కథానాయిక రిప్లీ నిద్రపోయిన 57 ఏళ్లలో ఈ కథను ఇరికించారు. ఇరికించడంలో తెలివి ఉంది గానీ, నన్ను పట్టుకున్నది అది కాదు. వాళ్లు శబ్దాన్ని వాడుకున్న తీరు.

ముందుగా గమనించాల్సింది అడుగున సాగే రొద. నౌకలో ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ఒక సన్నని హోరు ఉంటుంది. గాలి పంపుల చప్పుడు అనుకోవచ్చు. కాసేపటికి దాన్ని మనం మరచిపోతాం. దర్శకుడికి కావలసింది సరిగ్గా అదే. ఆ హోరు మారిందంటే గది మారిందని, ఆగిందంటే గాలి ఆగిందని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది. శిరస్త్రాణం తొడిగిన మనిషి గొంతును పలచన చేసి, రేడియో గరగర కలుపుతారు. పక్కనే వినిపించే ఊపిరి మాత్రం బరువుగా, దగ్గరగా ఉంటుంది. గొంతు దూరం, ఊపిరి దగ్గర. ఈ ఒక్క కిటుకుతో అంతరిక్ష దుస్తుల ఇరుకు మొత్తం మన తలకు చుట్టుకుంటుంది.

ఇక నిశ్శబ్దం. 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ బృందం అంగారక వాసుల దండయాత్రను రేడియోలో ప్రసారం చేసినప్పుడు, సంఘటనా స్థలం నుంచి గడగడా చెబుతున్న విలేకరి గొంతు ఉన్నట్టుండి తెగిపోతుంది. ఆ తర్వాత కొన్ని సెకన్లు ఏమీ వినిపించదు. ఆ కార్యక్రమంలో అంతకు మించిన భయం మరొకటి లేదు. రేడియోలో మౌనం అంటే మరణం. ఈ సూత్రం తెలియని దర్శకుడు ఎన్ని రాక్షసుల అరుపులు పెట్టినా దండగే.

శ్రవణ నాటకానికి అసలు చిక్కు వేరే ఉంది. కనబడని దాన్ని ఎవరు చెప్పాలి? చేతగాని రచయిత పాత్రల చేతే చెప్పిస్తాడు. ‘అయ్యో, ఆ ఎడమవైపు సొరంగంలోంచి పెద్ద తోకతో ఏదో వస్తోంది’ అని ప్రాణభయంలో ఉన్న మనిషి వివరంగా వర్ణిస్తాడు! ‘అవుట్ ఆఫ్ ది షాడోస్’ కూడా అక్కడక్కడా ఈ గుంటలో పడింది. చార్లెస్ చిల్టన్ బీబీసీకి రాసిన ‘జర్నీ ఇంటూ స్పేస్’ 1953లోనే దీనికి ఒక దారి వెతికింది. నౌకలోని డాక్టర్ తన దినచర్య రాసుకుంటూ ఉంటాడు. మనం వినేది ఆ రాత. చెప్పాల్సినదంతా అందులో సహజంగా ఒదిగిపోతుంది. మ్యాగ్స్ దాన్నే ఇంకొంచెం విషం కలిపి వాడుకున్నాడు. ఇక్కడ నివేదికలు పంపేది యాష్ అనే యంత్రబుద్ధి. రట్గర్ హావర్ ఆ గొంతిచ్చాడు. కంపెనీకి లెక్కలు అప్పజెబుతున్న గుమాస్తాలా, తొణక్కుండా మాట్లాడతాడు. గనిలో మనుషులు చస్తుంటే వాళ్లు అతనికి ఖర్చు పద్దు. గనుల కథలో ఆ గొంతు లేకపోతే కథ సగమే.

ఆకాశవాణి విజయవాడ నాటకాలు విని పెరిగిన వాళ్లకు ఇవేవీ వింతగా తోచవు. చిలకమర్తి ‘గణపతి’ని రేడియోలో విన్నవాళ్లెవరూ ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందని అడగలేదు. గొంతే ముఖం. ఇంట్లో అందరూ ఒకే నాటకం విని, ఎవరి గణపతిని వాళ్లు ఊహించుకున్నారు.

అందరి గొంతులూ అక్కర్లేని పద్ధతి కూడా ఉంది. ఆండీ వియర్ 2017 నవల ‘ఆర్టెమిస్’ను రొసారియో డాసన్ ఒక్కతే చదివింది. చంద్రుడి మీది ఊరు, అక్కడ అనోర్థైట్ రాయి నుంచి అల్యూమినియం తీసే కర్మాగారం. ఆ పనిలో మిగిలే ఆక్సిజనే ఊరికి ఊపిరి. కథానాయిక జాజ్ దొంగసరుకు చేరవేసే పిల్ల, నోటి దురుసు ఎక్కువ. ఆమె తనే చెప్పుకునే కథ కనుక ఒక్క గొంతు చాలు. వెల్డింగ్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. పుస్తకంలో నేను దాటేసిన ఆ పేజీలను చెవితో విన్నప్పుడు, పని తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే అనిపించింది.

చంద్రుడి మీద గాలి లేదు కదా, శబ్దం ఎక్కడిది అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. గాలిలో రాకపోయినా నేల గుండా, బూటు గుండా, ఎముక గుండా అదురు వస్తుంది. అందుకే ఈ నాటకాల్లో బయటి పేలుడును మందంగా, ఒంట్లోంచి వచ్చినట్టు వినిపిస్తే నమ్మబుద్ధేస్తుంది. అంగారకుడి సంగతి మరీ విచిత్రం. 2021లో అక్కడ దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో మైక్రోఫోన్లు ఉన్నాయి. ఆ పలచని గాలిలో శబ్దం సెకనుకు సుమారు 240 మీటర్లే నడుస్తుంది. మన దగ్గర 340. పైగా కీచు శబ్దాలు మంద్రమైన వాటికన్నా కాస్త ముందు చేరతాయి. దూరంగా గని పేలితే ముందు చిటచిట, తర్వాత దద్దరింపు. నేను విన్న ఏ నాటకమూ దీన్ని ఇంకా వాడుకోలేదు.

కల్పన సంగతి పక్కన పెడితే, చంద్రుడి మీద నిజంగా జరిగిన తవ్వకం ఒకటి టేపు మీద ఉంది. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ నేలలోకి డ్రిల్లు దించాడు. దించిన గొట్టం ఓ పట్టాన పైకి రాలేదు. దాదాపు 2.4 మీటర్ల గొట్టం. ఆఖరికి అతనూ జిమ్ ఇర్విన్ కలిసి లాగారు. ఆ రికార్డింగులో డ్రిల్లు మోత లేదు, రాయి చప్పుడు లేదు. రేడియో గరగర మధ్య ఇద్దరు మగవాళ్ల రొప్పు, మూలుగు, మళ్లీ రొప్పు.