సమాచారదాత – వక్త: సముద్ర జీవశాస్త్ర తరగతిలో బృంద మౌఖిక సమర్పణల మూల్యాంకనం

కీలక పదాలు: బృంద సెమినార్, మూల్యాంకనం, మత్స్యనామాలు, ఉత్తరాంధ్ర మాండలికం, కోటబొమ్మాళి

ప్రవేశిక

డిగ్రీ కళాశాలల్లో బృంద సెమినార్ అనగానే నలుగురైదుగురు విద్యార్థులు, ఒక పీపీటీ, పదిహేను నిమిషాల వ్యవధి, అధ్యాపకుని చేతిలో ఒక మార్కుల పట్టిక గుర్తుకు వస్తాయి. విషయపరిజ్ఞానం, సమర్పణ, భాష, సమయపాలన, బృంద సహకారం అనే గడులు ఆ పట్టికలో సాధారణంగా కనిపిస్తాయి. జీవశాస్త్ర పరీక్షలో 'భాష'కు విడిగా మార్కులు కేటాయించినప్పుడు, ఆ భాష ఏదో, దాని పేరిట కొలుస్తున్నది ఏమిటో విచారించవలసిన బాధ్యత తెలుగుశాఖకు కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం ఆ విచారణకు పూనుకొంటున్నది.

కోటబొమ్మాళి సముద్రపు ఒడ్డున లేదు. దాని పొరుగున ఉన్న సంతబొమ్మాళి మండలం మాత్రం తీరం వరకు సాగుతుంది. భావనపాడు చేపల రేవు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవు ఆ మండలంలోనివే. కనుక ఈ ప్రాంతపు తరగతిలో వరిపొలాల ఊళ్ళ పిల్లలు, వలల ఊళ్ళ పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. అప్పటినుంచి సెమినార్ పట్టికలోని 'భాష' గడి ఆచరణలో 'ఆంగ్లోచ్చారణ' గడి అయిపోయింది.

చేపపేరు చెప్పినవారు, పుస్తకం రాసినవారు

ఒక బృందానికి 'ఉత్తరాంధ్ర తీరంలో దొరికే ముఖ్యమైన చేపలు' అనే అంశం ఇచ్చారనుకొందాం. బృందంలో ఒక విద్యార్థిది జాలరి కుటుంబం. రేవుకు వెళ్ళి ఫొటోలు తీసేది, ఏ చేప ఏ కాలంలో పడుతుందో ఇంట్లో అడిగి వచ్చేది ఆ విద్యార్థే. పట్నంలో చదివి వచ్చిన మరొకరు ఆ ఫొటోలను స్లైడ్లుగా పేర్చి, ఆంగ్లంలో ధారాళంగా మాట్లాడతారు. మార్కులు పడేటప్పుడు సమర్పణ, భాష గడులు రెండూ రెండవవారికే అనుకూలం. మొదటివారు 'బృంద సహకారం' అనే చిన్న గడిలో మిగిలిపోతారు. జానపద పరిశోధనలో మనం వాడే మాటతో చెప్పాలంటే, ఒకరు సమాచారదాత, మరొకరు వక్త. తరగతి గదిలో ఈ విభజనను ఎవరూ కోరి చేయరు, పట్టికే చేసిపెడుతుంది.

ఈ విభజనకు ఈ తీరంలోనే రెండువందల ఏళ్ళ పూర్వరూపం ఉంది. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, స్థానికంగా వాటిని పిలిచే పేర్లను రోమన్ లిపిలో నమోదు చేశాడు. అక్కడ సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలతో ఆ గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. భారతదేశానికి ఎన్నడూ రాని ఫ్రెంచి శాస్త్రవేత్త కూవియే, 1816లో ఒక చేపకు పేరు పెట్టేటప్పుడు రస్సెల్ నమోదు చేసిన మాటనే జాతినామంగా స్వీకరించాడు. అదే నేటి రాస్ట్రెల్లిజర్ కానగుర్త. మన రేవుల్లో కానగుర్త అనీ, కానాగడత అనీ ఊరికొక తీరుగా పలికే చేప అది. మరొక చేప రస్సెల్ పేరుమీదనే లూట్జానస్ రస్సెల్లై అయింది. పేర్లు చెప్పిన జాలరుల పేరుతో మాత్రం అటువంటి చేప ఏదీ నాకు కనబడలేదు.

ఇప్పుడు మన సెమినార్‌లో విద్యార్థి ఆ స్లైడ్ దగ్గరకు వచ్చి, 'ఇండియన్ మాకెరెల్' అని ఆంగ్లంలో చెప్పి, శాస్త్రనామాన్ని 'కనగూర్టా' అని లాటిన్ మాటలాగా సాగదీస్తాడు. అది తన నాయనమ్మ కూరకు తెచ్చే చేప పేరేనని అతనికి ఎవరూ చెప్పలేదు. అతడే దానిని ఇంట్లో పలికినట్లు పలికితే ఉచ్చారణదోషం కింద అరమార్కు తగ్గే అవకాశం కూడా లేకపోలేదు!

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్థానికనామం మీది అభిమానంతో శాస్త్రనామాన్ని చిన్నచూపు చూస్తే శాస్త్రమూ నష్టపోతుంది, భాషా నష్టపోతుంది. 'నెత్తళ్ళు' అనే ఒక్క మాట కింద అనేక జాతుల చిన్న చేపలున్నాయి. 'సొర', 'టేకు' అనేవి ఒక్కొక్క జాతి పేర్లు కావు, పెద్ద వర్గాల పేర్లు. అదే చేప మరో జిల్లాలో మరో పేరుతో ఉంటుంది. ఒక స్థానికనామం ఎన్ని జాతులుగా చీలుతుందో, రెండు స్థానికనామాలు ఎక్కడ ఒకే జాతి మీద కలుస్తాయో చూపించగలిగిన బృందం అసలైన వర్గీకరణశాస్త్రం చేస్తున్నది. దానికి పడవలసిన మార్కులు విషయపరిజ్ఞానం గడిలోవి.

తయారీ దశ

తయారీలో సర్వసాధారణంగా జరిగేది స్లైడ్లను కోసి పంచుకోవడం. ముందుమాట ఒకరు, ఆవాసం ఒకరు, ఆహారం ఒకరు, 'థాంక్యూ' ఒకరు. ఎవరి ముక్క వారికి కంఠస్థం, పక్కవారి ముక్క ఎవరికీ తెలియదు. దీనికి తేలికైన విరుగుడు చీటీలు. ఎవరు ఏ భాగం మాట్లాడాలో సెమినార్ రోజున చీటీ తీసి నిర్ణయిస్తే అందరూ అంతా చదవక తప్పదు.

రెండవది క్షేత్రపుస్తకం. ఏ తేదీన, ఏ రేవులో, ఏ వలతో పడిన చేప, దానిని చెప్పినవారు ఏ పేరుతో పిలిచారు, బృందంలో ఎవరు అడిగి రాసుకొన్నారు అనే వివరాలు అందులో ఉండాలి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. సెమినార్ ఆ రోజుల్లో పడితే రేవులో కనిపించే చేపలు వేరు. ఆ సంగతి గమనించి చెప్పిన బృందం నిజంగా రేవుకు వెళ్ళిందని అధ్యాపకునికి తెలుస్తుంది; అంతర్జాలం నుంచి దించుకొన్న పీపీటీలో ఆ వాక్యం ఉండదు.

మార్కుల పంపకం

బృందానికి అంతటికీ ఒకే మార్కు వేయడంలోని చిక్కు కొత్తది కాదు. ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు రింగెల్మాన్ తాడు లాగే ప్రయోగాలు చేసి, మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని 1913లో ప్రకటించాడు. 1979లో లటానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లోనూ అదే తేలింది. మన తీరంలో ఒడ్డున నిలబడి వల లాగేవారికి ఇందులో ఆశ్చర్యమేమీ కలగదు. అయితే వారి దగ్గర దానికొక ఏర్పాటు ఉంది. చేప ఒడ్డున పడ్డాక వల సొంతదారుకు, పడవకు, లాగినవారికి వేరువేరు వాటాలు. ఎవరి వాటా దేనికో అందరికీ ముందే తెలుసు. మన సెమినార్ పట్టికలో వలకు వాటా లేదు.

వక్తృత్వానికి మార్కులు తగ్గించి, క్షేత్రపుస్తకానికి, ప్రశ్నోత్తరాలకు పెంచాలని నా అభిప్రాయం. ప్రశ్నోత్తరాల మార్కులు వ్యక్తిగతంగానే ఉండాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఉష్ణోగ్రతను బట్టి లింగనిర్ధారణ జరుగుతుందని స్లైడ్ మీది ఆంగ్ల వాక్యాన్ని ఒక విద్యార్థి తప్పు లేకుండా చదివాడనుకొందాం. ఇసుక వేడి పెరిగితే ఏమవుతుందని అడిగితే అతను మౌనం వహించాడు. వెనుక నిలబడిన అమ్మాయి "ఇసక ఏడెక్కితే ఆడయే ఎక్కువ పుడతాయి సార్" అంది. జీవశాస్త్రం తెలిసినది ఎవరికో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడున్న పట్టికలో మాత్రం ఆ అమ్మాయికి భాషలో కోత పడుతుంది.

పోటీపరీక్షలకు, పై చదువులకు ఆంగ్లం కావాలి కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. ఆంగ్లం నేర్పాలి, దానికి మార్కులూ వేయాలి, ఆంగ్ల తరగతిలో. సముద్ర జీవశాస్త్రంలో పారిభాషిక పదాలు ఆంగ్లంలోనే ఉండనీయవచ్చు, జవాబు వాక్యం తెలుగులో ఉన్నా నష్టం లేదు. తెలుగువారమైన మనం దీనిని మాధ్యమ సమస్యగా మాత్రమే చూడడం కూడా పొరపాటు. అదే అమ్మాయి తెలుగు వక్తృత్వపోటీలో 'ఏడెక్కితే' అన్నా మనమే మార్కు తగ్గిస్తాం. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, 1919లో 'తెలుగు' పత్రిక నడిపి వ్యావహారికం కోసం వాదించిన గిడుగు రామమూర్తి జయంతినాడే, ఆగస్టు 29న, ఆ పోటీలు పెడతాం.

వృత్తిపదాల సేకరణకు మనకు మంచి నమూనా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం ఊరూరా తిరిగి అడిగి రాసుకొన్న మాటలతో తయారైంది. సెమినార్ ముగిశాక జీవశాస్త్ర విభాగం ఈ క్షేత్రపుస్తకాలను చిత్తుకాగితాల్లో పడేయకుండా తెలుగుశాఖకు ఇస్తే, టెక్కలి, కోటబొమ్మాళి, సంతబొమ్మాళి ప్రాంతాల మత్స్యనామాలు నాలుగైదేళ్ళలో కొంత పోగవుతాయి. ఆ పుస్తకాల్లో ఒక నిలువు వరుస, చెప్పినవారు ఒప్పుకొంటే, వారి పేరు కోసం ఉంచాలి.