రక్తపు రంగు, వరముల జాబితా: ‘రెడ్ క్వీన్’ నవలపై ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతము

కాపరులు యువజనుల నవలలు చదువుట అవసరమా అని కొందరు అడుగవచ్చును. మేము పరిచర్య చేస్తున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతములలో ఈ ప్రశ్నకు జవాబు హాస్టల్ గదులలోనే దొరుకుతుంది. ఇంటర్, ఇంజనీరింగ్ చదివే మన సంఘ యువత ఇంగ్లీషు నవలలు విరివిగా చదువుతున్నారు. కోఠిలోనో ఆబిడ్స్‌లోనో ఫుట్‌పాత్ మీద కొన్న ఒక్క ప్రతి పదిమంది చేతులు మారుతుంది. వాటిలో అనేకము ఒకే అచ్చులో పోసినవి. లోకము ఒకసారి నాశనమైనది. మిగిలినవారిని క్రూరమైన ప్రభుత్వము ఏలుతున్నది. అసాధారణ శక్తి గల పదిహేడేళ్ల అమ్మాయి దానిని ఎదిరిస్తుంది. లోకాంతమును గూర్చి, విమోచనమును గూర్చి మన పిల్లలు ప్రసంగములలో వినేదానికంటె ఈ పుస్తకములలో చదివేది ఎక్కువేమో అనిపిస్తుంది.

అట్టి నవలలలో అమెరికా రచయిత్రి విక్టోరియా ఏవ్‌యార్డ్ 2015లో వెలువరించిన ‘రెడ్ క్వీన్’ను ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. ఇది ఆమె మొదటి నవల. తరువాత 2018 వరకు మరి మూడు సంపుటములు వచ్చినవి. రక్తమును బట్టి మనిషికి విలువ కట్టే సమాజము దీని వస్తువు. కనుక ఇది తెలుగు సంఘమునకు పరాయి కథ కాదు.

కథాసారాంశము

పాత నాగరికత కూలిన చాలాకాలమునకు, నేటి అమెరికా తూర్పు తీరమున నోర్టా అనే రాజ్యము నిలిచి ఉన్నది. అక్కడ మనుష్యులు రెండు తెగలు. ఎర్ర రక్తము గలవారు శ్రామికులు. వెండి రక్తము గలవారు ఏలికలు. అగ్నిని, లోహమును, నీటిని, చివరకు ఎదుటివాని మనస్సును సహితము వశపరచుకొనే శక్తులు వెండివారికి పుట్టుకతో వస్తాయి. లేక్‌లాండ్స్ అనే పొరుగు రాజ్యముతో నోర్టాకు తరతరాలుగా యుద్ధము. పద్దెనిమిదేళ్లు నిండి పని లేని ఎర్రవారిని ఆ యుద్ధమునకు పంపుతారు.

మేర్ బారో ఎర్ర రక్తపు పిల్ల, జేబుదొంగ. తండ్రి యుద్ధములో కాలు పోగొట్టుకొని చక్రాల కుర్చీకి పరిమితమైనాడు. అన్నలు ముగ్గురూ సైన్యములో ఉన్నారు. చెల్లెలు గీసా అల్లికపని చేసి ఇల్లు నడుపుతున్నది. మేర్‌కు రాజభవనములో దాసిగా పని దొరుకుతుంది. యువరాజునకు వధువును ఎంచుటకు వెండి కన్యలు తమ శక్తులను ప్రదర్శించే రంగములో ఆమె ప్రమాదవశాత్తు విద్యుత్ కవచము మీద పడిపోతుంది. చావవలసిన పిల్ల చావదు. మెరుపు ఆమె చేతులలోనుండే పుడుతుంది. ఎర్ర రక్తములో శక్తి ఉన్నదని ప్రజలకు తెలిస్తే రాజ్యము కూలుతుంది. అందుచేత రాజు ఆమెకు మరీనా అనే పేరు పెట్టి, తప్పిపోయిన వెండి సేనాధిపతి కుమార్తెగా చాటించి, రెండవ కుమారుడు మేవెన్‌కు ప్రధానము చేస్తాడు. ఆమె లోలోపల స్కార్లెట్ గార్డ్ అనే తిరుగుబాటు దళముతో చేయి కలుపుతుంది. చివరకు నమ్మిన మేవెన్ చేతిలోనే మోసపోతుంది.

నవలలో మెచ్చదగినది

ఆధిక్యత అనేది రక్తములో లేదనీ, రక్తమును గూర్చి చెప్పిన అబద్ధములో ఉన్నదనీ ఈ నవల స్పష్టముగా చూపిస్తుంది. భవనములో మేర్ ముఖమునకు రోజూ దట్టముగా రంగు పూస్తారు. సిగ్గుపడినా కోపపడినా ఆమె చెంపలు ఎర్రబడతాయి. ఆ ఎరుపు కనబడితే ప్రాణము పోతుంది. మా దృష్టిలో నవలలోని అత్యంత సత్యమైన చిత్రము ఇదే.

మన సంఘములలో ఈ రంగు పూత ఎరుగనివారు ఎందరు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు గాని క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన దళితులు మన రెండు తెలుగు రాష్ట్రములలో వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగములోనికి వస్తారు. అందులోని రిజర్వేషన్ ఒక్క శాతమే. కనుక ఎందరో పిల్లలకు సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మములో మరొక పేరు. అద్దె ఇల్లు వెదకునప్పుడు ఇంటిపేరు నమిలి పలుకుట వేరే సంగతి. మరీనా అనే పేరు క్రింద దాగిన మేర్‌ను మన పిల్లలు ఎందుకు ఇష్టపడుతున్నారో దీనిని బట్టి గ్రహించవచ్చును.

అరేయొపగు మధ్య నిలిచిన పౌలు ప్రసంగము (అపొ. కార్య. 17:26) ఇక్కడ జ్ఞాపకమునకు వస్తుంది. ఏథెన్సువారు తమ పూర్వికులు ఆ నేలలోనుండే పుట్టినవారని గర్వించేవారు. అట్టివారి ఎదుట పౌలు సకల జనములకు మూలము ఒక్కటే అని చెప్పినాడు. ఆ వచనములో కొన్ని గ్రీకు ప్రతులు ‘రక్తము’ అనే మాటను చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఏ పాఠమును తీసుకొన్నా, జన్మను బట్టి వచ్చే అతిశయమునకు అక్కడ చోటు లేదు. ఇంతవరకు నవల అపొస్తలునితో ఏకీభవిస్తుంది.

నవలలోని లోపము

అయితే కథ ముందుకు సాగిన కొలది మరియొక మాట పైకి వస్తుంది. మేర్ వంటివారు ఇంకా ఉన్నారు. ఎర్ర రక్తము గలిగియు శక్తి గలవారి పేర్లతో ఒక జాబితా తయారవుతుంది. రెండవ సంపుటమైన ‘గ్లాస్ స్వోర్డ్’ అంతయు ఆ జాబితాను పట్టుకొని చేసే ప్రయాణమే. మేర్ వారిని కూర్చుకొనుటకు, మేవెన్ వారిని చంపించుటకు, ఇద్దరూ వెదకేది అవే పేర్లు. ఆ జాబితాలో లేనివారి సంగతి ఏమి?

కిలోర్న్‌ను చూడుము. అతడు మేర్ బాల్యస్నేహితుడు, చేపలు పట్టే అనాథ. ధైర్యములో ఎవరికిని తీసిపోడు గాని శక్తి లేనివాడు గనుక ఆ గుంపులో అడుగడుగున తన స్థానమును రుజువు చేసుకోవలసివస్తుంది. గీసాను చూడుము. అక్కను కాపాడబోయి దొంగతనమునకు దిగి పట్టుబడినప్పుడు ఆమె చేతిని విరుగగొట్టుతారు. ఇంటికి అన్నము పెట్టిన చేయి అది. అయినను మొదటి సంపుటము ఆ చేతి యొద్ద ఎక్కువసేపు నిలువక మెరుపు పుట్టే చేతుల వెంట పరుగెత్తుతుంది. రచయిత్రికి ఈ ప్రమాదము తెలియదని మేము అనము. రెండవ సంపుటములో మేర్ కఠినురాలై, తనవారికే భయము పుట్టించునంతగా మారుటను ఆమె దాచలేదు. కాని విడుదల మార్గము మాత్రము మారదు. వెండి రక్తపు గొప్పతనము అబద్ధమని నిరూపించుటకు ఎర్ర రక్తములోనూ గొప్పవారు ఉన్నారని చూపవలసివచ్చినది. కొలత తప్పని చెప్పుటకు బదులు, ఆ కొలతకు తూగే మనవారిని వెదకినట్లయినది.

ఎస్తేరు, గబ్బిలము

బైబిలు చదివినవారికి ఈ కథ ఎస్తేరు గ్రంథమును తలపించక మానదు. రాజునకు భార్యను ఎంచుటకు కన్యకలను కూర్చుట, అణగారిన జనములోని పిల్ల కోటలోనికి వచ్చుట, తన జనమును దాచుట (ఎస్తేరు 2:10) అన్నియు పోలి ఉన్నవి. పోలిక తెగిపోయే చోటు నాలుగవ అధ్యాయము. ఎస్తేరు చేతిలో మెరుపు లేదు. రాజు పిలువక లోనికి పోతే చావే. ఆమె శక్తిమంతుల జాబితా అడుగలేదు. షూషనులోని యూదులందరు మూడు దినములు తన నిమిత్తము ఉపవాసముండవలెనని కోరినది (4:16). ఆ ‘అందరు’లో ముసలివారు, రోగులు, పేరులేనివారు ఉన్నారు. ఏడవ అధ్యాయములో ఆమె తన జనమును బయటపెట్టినది తాను వారికంటె గొప్పదాననని చూపుటకు కాదు, వారిలో ఒకతెనని ఒప్పుకొనుటకు.

మన తెలుగు సాహిత్యములోనే దీనికి దగ్గర సాక్ష్యము ఉన్నది. వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువ 1941లో ‘గబ్బిలము’ ప్రచురించినాడు. కాళిదాసు యక్షుడు మేఘమును దూతగా పంపితే, జాషువ కావ్యములోని అస్పృశ్యుడు గబ్బిలమును కాశీలోని శివుని యొద్దకు పంపుతాడు. తాను అడుగుపెట్టలేని గుడిలోనికి గబ్బిలము పోగలదు. అతనికి ఏ శక్తియు లేదు. ఆకలి ఉన్నది, కన్నీరు ఉన్నది, మాట ఉన్నది. నేను మనిషిని అనేదే అతని వాదమంతయు. న్యాయము అడుగుటకు మనిషికి మరియొక అర్హత అక్కరలేదని ఆ కావ్యము ఎత్తి చూపినంత గట్టిగా ‘రెడ్ క్వీన్’ చూపలేకపోయినది.

సంఘమునకు వర్తింపు

ఎల్బీ నగర్ వరకు మెట్రో 2018లో వచ్చినది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటేలోపు కిటికీలోనుండి చూచినచో, ఫలితాల కాలములో ర్యాంకుల హోర్డింగులు కనబడతాయి. ఫొటో, పేరు, సంఖ్య. అది మన కాలపు జాబితా. ఆ ఫొటోలలో లేనివారు వేలమంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణము తీసుకొన్నారు. వారిలో ఒక్కొక్కరు ఒక తల్లికి బిడ్డ.

ఇటువంటి చోట సంఘము ఏమి చేస్తున్నది? ఫలితములు వచ్చిన ఆదివారము ర్యాంకు తెచ్చుకొన్నవారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి సాక్ష్యము చెప్పించుట అనేక సంఘములలో ఆచారము. సంతోషించువారితో సంతోషించుట వాక్యానుసారమే. అదే ఆదివారము వెనుక బెంచీలో తల వంచుకొన్న పిల్లవానికి మన ఆరాధన ఏమి చెప్పుచున్నదో కూడ ఆలోచించవలెను. దేవుడు జాబితాలోనివారినే వాడుకొంటాడని వాడు గ్రహిస్తే, మేర్ కథకు మన సువార్తకు భేదమేమి? శరీరములో బలహీనములుగా కనబడే అవయవములు మరింత అవశ్యములని పౌలు కొరింథీయులకు వ్రాసినాడు (1 కొరింథీ. 12:22). ఆత్మవరములు మనిషి విలువను కొలుచుటకు ఇయ్యబడలేదు, అందరి ప్రయోజనము కొరకు ఇయ్యబడినవి.

కనుక ఈ నవలను నిషేధించుమని మేము చెప్పము. యువజన కూడికలో ఎస్తేరు గ్రంథముతో కలిపి చదివించుడని కోరుచున్నాము. మేర్ ముఖము మీది రంగును గూర్చి మాటలాడనియ్యండి. తమ రెండు పేర్లను గూర్చి భయము లేక చెప్పుకొనే చోటు వారికి దొరకనియ్యండి. తరువాత ఒక్క ప్రశ్న అడుగుడి: మెరుపు పుట్టకపోయి ఉంటే మేర్ విలువ ఎంత? ఆ జవాబు కొరకు తొందరపెట్టవద్దు. ర్యాంకు రాని పిల్లవాడు ఆ జవాబు కొరకు ఎదురుచూస్తున్నాడు.