వరి మొదళ్ల మధ్య పిల్లిపెసర

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి పండి వంగుతుంది. కోతకు ఇంకా మూడు నాలుగు రోజులుందనగా రైతు ఒడిలో గింజలు పోసుకుని చేలోకి దిగుతాడు. పంట నిలబడి ఉండగానే విత్తనం చల్లడం కొత్తవాళ్లకు వింత. ఆ గింజలు పిల్లిపెసరవి. పెసరకు దగ్గరి చుట్టమే, కాకపోతే నిలబడదు, నేల మీద పాకుతుంది. మూడు రెక్కల ఆకు చూసినప్పుడల్లా నాకు పిల్లి అడుగే గుర్తొస్తుంది.

ఇందులో దున్నకం లేదు, తడి పెట్టడం లేదు. ఉన్న పనల్లా పదును పట్టుకోవడమే. మడిలో నీరు తీసేశాక మడమ నొక్కి చూస్తే అచ్చు పడాలి, అందులో నీరు ఊరకూడదు. ఊరితే గింజ కుళ్లుతుంది. మడమే దిగకపోతే వేరూ దిగదు. ఎకరాకు 6 నుంచి 8 కిలోలు చాలు. గింజ చిన్నది గనుక ఇసుక కలిపి చల్లితే ఒకేచోట పడదు.

అసలు చిక్కు పొట్టుతో. గుప్పెడు గింజలు రాత్రి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. తెల్లారేసరికి కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గులకరాళ్లలా అడుగున అలాగే ఉంటాయి. చచ్చినవి కావవి, పొట్టు నీటిని లోపలికి రానివ్వడం లేదంతే. గరుకు ఇసుకతో గోనెపట్టా మీద రుద్దితే పొట్టు గీరుకుని నీరు పడుతుంది. పప్పు పగిలేలా మాత్రం రుద్దకూడదు.

మొలిచాక పెద్ద చాకిరీ లేదు. కొయ్యకాళ్ల మధ్య నుంచి లేచి, నేలలో మిగిలిన తడితోనే పాకి మడిని కమ్ముకుంటుంది. నేలకు ఎండ తగలదు, కలుపు అణుగుతుంది. ఒక మొక్క పీకి వేరు బుడిపెను గోటితో చిదపండి. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని సాగుతున్నట్టే. పశువులకు ఒకసారి కోసి వేసినా మళ్లీ చిగురిస్తుంది. మొదలంటా మేపితే ఎరువుకు మిగిలేది వేళ్లే. పచ్చిరొట్టకైతే పూతకు రాగానే కలియదున్నాలి, ముదిరితే తీగ నారెక్కి త్వరగా చివకదు.

కోత యంత్రాలతో ఈ పద్ధతికి గట్టి దెబ్బే తగిలింది. కొడవలి పట్టిన మనిషి అడుగు పడితే మొలక వంగి లేచేది. యంత్రం కింద నలిగింది లేవదు. పైగా మినుము, మొక్కజొన్న రొక్కం తెస్తాయి, ఇది తేదు. పాడి లేని ఇంటికి మేత మాత్రం ఎందుకు? రైతును తప్పుపట్టలేం.

విత్తనం కోసం ఒక మూల వదిలినవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. ఎండిన కాయ ఎండ ముదరగానే మెలితిరిగి పేలుతుంది. అందుకే మంచు ఆరకముందే కోసుకొచ్చి పాత చీర మీద ఆరబోస్తారు. పైన మరో గుడ్డ కప్పకపోతే గింజలు వాకిలంతా చిమ్ముతాయి. చేలో రాలినవాటిలో పొట్టు గట్టివి తొలకరి దాకా ఓపిక పట్టి, ఎవరూ చల్లకుండానే గట్ల వెంట మొలుస్తాయి.