భయానికి కట్టిన హద్దులు: దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు

భయానకం మన ఆలంకారికులు అంగీకరించిన రసాలలో ఒకటి. అయినా బాలసాహిత్య చర్చలో దానికి తగిన స్థానం దొరకలేదు. పిల్లలకు నీతి కావాలి, విజ్ఞానం కావాలి, వినోదం కావాలి అని అంగీకరించే పెద్దలు, భయం కూడా వారికి కావలసిన అనుభవమేనని ఒప్పుకోవడానికి వెనుకాడుతారు. పిల్లలు మాత్రం ఈ సందేహాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. అమ్మమ్మ పక్కన పడుకుని రాక్షసుడి కథ అడిగిన పసివాడు, కథ మధ్యలో దుప్పటి ముఖం మీదికి లాక్కుంటూనే "తర్వాతేమైంది?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నను అచ్చులోకి తెచ్చి, నెలనెలా లక్షలాది పిల్లల చేత అడిగించిన రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన రచనలను ఎరగని పాఠకులు ఒక తరంలో అరుదు. ఆయన పేరు తెలిసినవారు అంతకన్నా అరుదు.

సుబ్రహ్మణ్యం 1932లో గుంటూరు జిల్లాలో జన్మించారు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో, 1952లో, మద్రాసులోని 'చందమామ' సంపాదకవర్గంలో చేరారు. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిన ఆ మాసపత్రిక అప్పటికే ఇతర భాషలకు విస్తరిస్తున్నది. అదే 1952లో కొడవటిగంటి కుటుంబరావు పత్రిక బాధ్యతలు స్వీకరించి, 1980లో కన్నుమూసేవరకు దానిని తీర్చిదిద్దారు. చక్రపాణి, కుటుంబరావు ఇద్దరూ తెనాలివారే. వారి నీడలో పనిచేస్తూ, వారికి భిన్నమైన ఒక లోకాన్ని సుబ్రహ్మణ్యం నిర్మించుకున్నారు. 2006 వరకు, అంటే యాభై నాలుగేళ్ళపాటు, ఆయన ఆ పత్రికతోనే ఉన్నారు. 2010 జనవరి 27న విజయవాడలో మరణించారు. ఒకే పత్రిక, ఒకే బల్ల, ఒకే రకం పని: బాహ్యజీవితంలో చెప్పుకోదగిన ఘటనలు ఇంతకుమించి లేవు. ఘటనలన్నీ కథలలోకి వెళ్ళిపోయాయి.

1954లో 'తోకచుక్క'తో మొదలైన ఆయన ధారావాహికలు 1970 దశకం చివరిదాకా సాగాయి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు తక్కినవి. ఈ పన్నెండు పేర్లను వరుసగా చదివితేనే ఒక విషయం స్ఫురిస్తుంది. వీటిలో ఏడు స్థలనామాలు. కోట, ద్వీపం, లోయ, దుర్గం, ఆలయం, పర్వతం, సరోవరం. సుబ్రహ్మణ్యం దృష్టిలో భయం మొదట ఒక చోటు. ఆ చోటికి దారి ఉంటుంది, అక్కడికి వెళ్ళవచ్చు, అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడినుంచి తిరిగి రావచ్చు. ఇంట్లోకి, పడకగదిలోకి, బడిలోకి ఆయన దెయ్యాన్ని రానివ్వలేదు. పాఠకుడు నివసించే లోకానికీ, భయం నివసించే లోకానికీ మధ్య ఒక అడవినో, సముద్రాన్నో ఉంచారు. బాలపాఠకుడి మనసును కాపాడిన మొదటి హద్దు ఇది.

ఈ హద్దు విలువ తెలియాలంటే ఆ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 'తోకచుక్క' మొదలైన 1954లోనే అమెరికాలో భీభత్స చిత్రకథల మీద పెద్ద దుమారం చెలరేగింది. మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ వాటిని తీవ్రంగా ఖండిస్తూ గ్రంథం ప్రచురించగా, చిత్రకథల ప్రచురణకర్తలు ఆ ఏడాదే తమకు తాము ఒక నియమావళి విధించుకున్నారు. 1955లో బ్రిటన్, 1956లో భారతదేశం బాలలకు హానికరమైన ప్రచురణలను నిరోధించే శాసనాలు చేశాయి. హింసను, క్రూరత్వాన్ని, జుగుప్సాకరమైన లేదా భయంకరమైన ఘటనలను పసిమనసులు చెడిపోయే రీతిలో చిత్రించే ప్రచురణలే మన శాసనానికి లక్ష్యం. ఆ శాసనం భయంకరమైన ఘటనను మాత్రమే చూసి ఊరుకోదు. రచన మొత్తంగా బాలుని మీద కలిగించే ప్రభావాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. విమర్శకు కూడా ఇదే సరైన ప్రమాణం. కంకాళాలు, కాలసర్పాలు, నరబలులు, పుర్రెల దండలు నెలనెలా కనిపించిన ఒక పత్రికను తల్లిదండ్రులు ఏ సంకోచమూ లేకుండా పిల్లల చేతికి ఎందుకు ఇచ్చారన్న ప్రశ్నకు జవాబు కథలలో వస్తువును బట్టి దొరకదు. ఆ వస్తువును అమర్చిన తీరులో దొరుకుతుంది.

సుబ్రహ్మణ్యానికి ముందే తెలుగులో మాంత్రికులు ఉన్నారు. బాలనాగమ్మ కథలోని మాయల మరాఠీ, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలోని సిద్ధులు, బేతాళ కథలలోని శవం, శ్మశానం తరతరాలుగా తెలిసినవే. కాశీమజిలీ కథ ఆధారంగా నాగిరెడ్డి, చక్రపాణులే 1951లో నిర్మించిన 'పాతాళభైరవి' చిత్రం నేపాళ మాంత్రికుణ్ణి ఇంటింటికీ పరిచయం చేసింది. బెంగాలీలో హేమేంద్రకుమార్ రాయ్ 1923లో 'మౌచాక్' బాలల పత్రికలో 'జఖేర్ ధన్' ప్రారంభించి, యక్షుడు కాపలా కాసే నిధి కోసం ఇద్దరు యువకులను అడవులు పట్టించారు. హేమేంద్రకుమార్ కథలు కలకత్తా మధ్యతరగతి యువకుల సమకాలీన సాహసాలు. సుబ్రహ్మణ్యం కథలకు కాలం లేదు, పటం మీద చోటు లేదు. జానపదానికి చెందిన రాజ్యాలలో ఆధునిక సాహసకథ నడకను ఆయన ప్రవేశపెట్టారు. ఈ కలయికే ఆయన సొంతం.

'తోకచుక్క'లో ఆకాశాన తోకచుక్క కనిపించడంతో కుండలినీ ద్వీపంలో కలవరం పుడుతుంది. సేనాని సమరసేనుడు నౌకలతో బయలుదేరి, ఇద్దరు మాంత్రికుల పోరులో చిక్కుకుంటాడు. ఏకాక్షి వెంట కంకాళం, కాలభుజంగం ఉంటాయి. చతుర్నేత్రుడి వెంట గుడ్లగూబ, నరవానరుడు ఉంటారు. వారి పోరు ధనరాశుల కోసం, అపూర్వశక్తిగల శూలం కోసం. ఇక్కడ రచయిత చేసిన పని గమనించదగినది. భయంకరుడైన వాడికి ఒక కోరికను అంటగట్టారు. కోరిక ఉన్నవాడికి బలహీనత ఉంటుంది, బలహీనత ఉన్నవాణ్ణి ఓడించవచ్చు. ఇద్దరు మాంత్రికులు ఒకరికొకరు శత్రువులు కావడం వల్ల, సామాన్యుడైన మనిషికి వారి నడుమ బతికి బయటపడే సందు దొరుకుతుంది. హేతువాద భావాలు గల రచయిత మంత్రగాళ్ళ కథలు రాయడంలో కొందరికి వైరుధ్యం కనిపించవచ్చు. నిజానికి ఆయన మాంత్రికులు మనుషులే. వారు పొరబడతారు, అలసిపోతారు, ఒకరినొకరు మోసగించుకుంటారు. వారి శక్తి ఒక వస్తువులోనో, ఒక రహస్యంలోనో ఉంటుంది. మంత్రాన్ని ఈ విధంగా కార్యకారణ సూత్రానికి కట్టివేయడం హేతువాది చేయగల పనే.

రెండవ హద్దు స్నేహం. ఆయన కథానాయకులు ఒంటరిగా భయాన్ని ఎదుర్కొనడం అరుదు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇలా జంటలు జంటలుగానే వారు అడవిలోకి అడుగుపెడతారు. చీకటిలో ఒకడు అడుగు వేయడానికి జంకితే రెండవవాడు పరిహాసమాడతాడు. ఒకడు చిక్కుకుంటే రెండవవాడు వెదుకుతాడు. పాశ్చాత్య భీభత్సకథ తరచుగా బాధితుణ్ణి ఒంటరిని చేసి భయాన్ని పెంచుతుంది. సుబ్రహ్మణ్యం పక్కన ఒక తోడును నిలిపి భయాన్ని భరించదగినదిగా చేశారు. ఈ జంటలలో కులగోత్రాల అంతరాలు అడ్డు రాకపోవడం కూడా విశేషమే. శబరయువకుడైన శిఖిముఖి, క్షత్రియుడైన విక్రమకేసరి సమానులుగా సాహసాలు చేస్తారు. అడవి తెలిసినవాడి తెలివికి అక్కడ కత్తి పట్టినవాడి పరాక్రమంతో సమానమైన గౌరవం ఉంది.

మూడవ హద్దు భాష. కుటుంబరావు 'చందమామ'కు అలవరచిన సరళ వ్యావహారికంలోనే సుబ్రహ్మణ్యం కూడా రాశారు. చిన్న వాక్యాలు, తక్కువ విశేషణాలు, ఎడతెగని చర్య. భయంకరం అనే మాట వాడినా, దానిని వర్ణించడానికి ఆయన ఆగరు. పొద వెనుక అలికిడి అవుతుంది. పాత్రలు అటు తిరుగుతారు. కనిపించినది ఏమిటో రెండు వాక్యాలలో తెలుస్తుంది. వెంటనే ఏం చేయాలన్న ఆలోచన మొదలవుతుంది. రక్తం వర్ణనకు నోచుకోదు, ఉపాయం నోచుకుంటుంది. తక్కిన పనిని చిత్రకారుడు చిత్ర, అంటే టి. వి. రాఘవన్, కుంచెకు వదిలిపెట్టారు. ఒంటికన్ను మాంత్రికులు, వింతజంతువులపై స్వారీ చేసే యోధులు, వేళ్ళూడిన చెట్ల మధ్య శిథిలగోపురాలు ఆయన గీతలలోనే పిల్లల కళ్ళకు కట్టాయి. 1978లో చిత్ర మరణంతో ఆ జోడి విడిపోయింది. ఈ ధారావాహికల చరిత్రలో చిత్రను సహరచయితగా లెక్కించడం అతిశయోక్తి కాదు.

ఈ నిరాడంబరమైన భాషే ఈ కథలను దేశమంతటికీ చేర్చింది. తెలుగులో పుట్టిన ధారావాహిక తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ, ఒరియా మొదలైన 'చందమామ' సంచికలలోకి అనువాదమయ్యేది. సంస్కృత పదాలతో కూర్చిన పాత్రల పేర్లు ఏ భాషలోనైనా ఇమిడిపోయేవి. ఒరియా బాలుడు దానిని ఒరియా కథగానే చదివాడు, మరాఠీ బాలిక మరాఠీ కథగానే చదివింది. భారతీయ భాషల మధ్య ఆదానప్రదానాల గురించి మనం జరిపే చర్చలలో మహాకావ్యాలు, నవలలు ప్రస్తావనకు వస్తాయి. ఏ ప్రణాళికా లేకుండా, ఏ గుర్తింపూ కోరకుండా, ఒక తెలుగు రచయిత కల్పన నెలనెలా అన్ని భాషల ఇళ్ళలోకి ప్రవేశించిన ఈ ఉదాహరణను మనం లెక్కలోకి తీసుకోలేదు.

మధ్యలో కొంతకాలం పత్రిక ఈ మార్గం విడిచి, బంకించంద్రుని 'దుర్గేశనందిని' వంటి రచనను ధారావాహికగా ప్రచురించింది. అప్పుడు పాఠకుల ఆదరణ తగ్గిందనీ, మళ్ళీ సుబ్రహ్మణ్యం చేత రాయించవలసి వచ్చిందనీ చెబుతారు. ఉత్తమసాహిత్యం అందించాలన్న సంపాదకుల సంకల్పం మంచిదే. కాని పిల్లలు తమ సాహిత్యాన్ని తామే ఎన్నుకుంటారని ఆ అనుభవం నిరూపించింది.

గుణాలతోపాటు పరిమితులు కూడా చెప్పుకోవాలి. పన్నెండు ధారావాహికలు వరుసగా చదివినవారికి పునరుక్తి తప్పక కనిపిస్తుంది. నిధి, మాంత్రికుడు, బందీలు, పలాయనం, మళ్ళీ బందీలు అనే చక్రం తిరుగుతూనే ఉంటుంది. నెలకొక భాగంగా ఏళ్ళ తరబడి సాగవలసిన అవసరం వల్ల కథ కొన్నిచోట్ల గమ్యం మరచి సంచరిస్తుంది, ముగింపు మాత్రం హడావిడిగా వచ్చిపడుతుంది. స్త్రీపాత్రలు స్వల్పం. నాగమల్లి వంటి కొద్దిమందిని మినహాయిస్తే వారు వెదకబడేవారే కాని వెదికేవారు కారు. శిఖిముఖి వంటి నాయకుణ్ణి సృష్టించిన చేత్తోనే, దారిలో ఎదురయ్యే అటవికజాతులను ఒక్కొక్కప్పుడు వింతవేషాలకు, నరబలులకు పరిమితం చేశారు. అలనాటి ప్రపంచ సాహసకథలన్నిటికీ ఉన్న దోషమే అయినా, అది దోషం కాకపోదు.

అన్నిటికన్నా బాధాకరమైన విషయం రచయిత పేరు. సంపాదకవర్గంలోని వారి పేర్లు ప్రకటించకపోవడం 'చందమామ' సంప్రదాయం. కుటుంబరావు పేరు కూడా సంపాదకుడుగా అచ్చు కాలేదు. కుటుంబరావుకు పెద్దల సాహిత్యంలో వేరే కీర్తి ఉంది. సుబ్రహ్మణ్యానికి ఈ కథలే సర్వస్వం, వాటి మీద ఆయన పేరు లేదు. అనామకత్వం జానపదకథకు సహజం. అమ్మమ్మ చెప్పిన కథకు కర్త ఎవరని ఎవరూ అడగరు. కాని ఇవి ఒక వ్యక్తి బల్ల ముందు కూర్చుని, గడువులోగా, శ్రమించి రాసిన రచనలు. వాటిని జానపద సంపదగా భావించి ఆనందించిన సమాజం, ఆ శ్రమను మరచిపోయింది. పత్రిక 1998లో ఆగి, మరుసటి సంవత్సరం పునఃప్రారంభమై, 2007లో యాజమాన్యం మారి, 2010 దశకం తొలినాళ్ళలో నిలిచిపోయింది. ఆ చివరి సంవత్సరాలలోనే పాత పాఠకులు సంచికలు వెదికి పోగుచేసి, రచయిత ఎవరో తెలుసుకుని, ఆయన పేరును వెలుగులోకి తెచ్చారు. ధారావాహికలు పుస్తకరూపంలో వెలువడడం ఆయన మరణానంతరం అభిమానుల పూనిక వల్లనే సాధ్యమైంది.

సాహిత్య అకాదెమి బాలసాహిత్య పురస్కారాన్ని నెలకొల్పింది 2010లో. సుబ్రహ్మణ్యం ఆ ఏడాది మొదటి నెలలోనే కన్నుమూశారు. ఈ కాలవ్యత్యాసానికి ఎవరినీ నిందించలేము. అయితే పురస్కారంతో తీరని కర్తవ్యం ఒకటి మిగిలి ఉంది. ఈ ధారావాహికలను చిత్ర బొమ్మలతో సహా, రచయిత, చిత్రకారుల పేర్లతో, అవి వెలువడిన అన్ని భాషల పాఠాలను సేకరించి భద్రపరచడం అత్యవసరం. అనువాదకుల పేర్లు కూడా నమోదు కావాలి. పాత కాగితం ఎక్కువకాలం నిలవదు, ఆ కార్యాలయంలో పనిచేసినవారి జ్ఞాపకాలు అంతకన్నా త్వరగా తరిగిపోతాయి. లోయలోకి దారి చూపి, క్షేమంగా వెనక్కి తీసుకువచ్చిన చేయి ఎవరిదో తర్వాతి తరం పిల్లలకైనా తెలియడం న్యాయం.