ఆటలో నిర్ణయము ఎవరిది?

ఆటల వలన పిల్లలకు నైపుణ్యములు అలవడునని అందరును చెప్పుదురు. ఏ ఆట ఏ నైపుణ్యమును నేర్పునో విచారించువారు తక్కువ. రంగుల అట్టపై అంకెలు ముద్రించినంత మాత్రమున అది గణితక్రీడ కాజాలదు.

వైకుంఠపాళినే చూడుడు. పాచిక చెప్పినన్ని గళ్లు నడచుట తప్ప అందులో బాలుడు నిర్ణయింపవలసినది లేదు. లెక్కించుట నేర్చుకొను పసివానికి అది చాలును. తొమ్మిదవ తరగతి వానికి కాలక్షేపమే. పులిజూదము అట్టిది కాదు. 3 పులులు, 15 మేకలు గల పద్ధతిలో, మేకను ఉంచునప్పుడే దాని వెనుక చోటు ఖాళీగా నున్నదేమో చూచుకొనవలెను. పొరపాటు చేసినచో ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో దిద్దనక్కరలేదు. మరుక్షణమే పులి దిద్దును!

మదనపల్లె చెంతనున్న రిషివ్యాలీలో, గ్రామములలోని ఏకోపాధ్యాయ పాఠశాలలకై రూపొందించిన 'నిచ్చెన' పద్ధతి ఈ విషయమున మెచ్చదగినది. పాఠములను చిన్న మెట్లుగా విభజించి కార్డులు తయారుచేసిరి. కార్డుపైనున్న గుర్తును బట్టి తాను చేయవలసిన పనిని పిల్లవాడే తెలిసికొనును. ఆట అచట బహుమానము కాదు, నేర్చినదానిని గట్టిపరచు ఒక మెట్టు. అయితే ఆ నిచ్చెన ప్రాథమిక తరగతులకై పుట్టినది. ఉన్నత పాఠశాలలో తగిన ఆటను వెదకు భారము ఉపాధ్యాయునిదే.

కుప్పము దగ్గర, 1999లో స్థాపితమైన అగస్త్య ఫౌండేషన్ ఆవరణలో పిల్లలు విజ్ఞాన నమూనాలను స్వయముగా త్రిప్పి చూతురు. మంచిదే. కాని త్రిప్పి, 'భలే' యని సాగిపోయిన పిల్లవానికి దక్కునది వినోదమే. ఏమి జరుగునో ముందుగా ఊహించి చెప్పి, పిదప త్రిప్పినచో ఆ నమూనాయే ఆటయగును.

పుంగనూరు బడిలోనైనను, మరే ఊరి బడిలోనైనను ఖర్చులేని ఆట కావలెనన్నచో అష్టాచెమ్మ యున్నది. నాలుగు గవ్వలును వెల్లకిల పడిన చెమ్మ, బోర్ల పడిన అష్ట. గవ్వ ఇరువిధముల పడుటకును సమాన అవకాశమే యున్నచో చెమ్మయు, అష్టయు 16లో 1 వంతు చొప్పున పడవలెను. రెండు వెల్లకిల, రెండు బోర్ల పడుట 16లో 6 వంతులు. కాని గవ్వ నాణెము వంటిది కాదు, ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చీలిక. నూరు మారులు వేయించి పట్టిక వ్రాయించుడు. లెక్క సరిపోయినదో లేదో, సరిపోనిచో ఏల సరిపోలేదో పిల్లలనే చెప్పనిండు. సంభావ్యతా పాఠమునకు ఇంతకంటె చౌకయైన పరికరము నేనెరుగను.

ఈ పనిని పీరియడు చివరి ఐదు నిమిషములకు నెట్టిన ఇరువది మారులైనను గవ్వలు పడవు. వరుసగా రెండు పీరియడులు కేటాయింపుడు. మార్కులు మాత్రము వేయకుడు.